25 మ్యాచ్‌ల్లో 9 గెలుపులు: సీజన్ అయిపోయినట్టేనా?

అమెరికా వచ్చి రెండేళ్ళయింది, ఆఫీసు వాళ్ళ పుణ్యమా అని బేస్‌బాల్ అలవాటైంది, మీ ఊరి టీమ్ మొదటి 25 మ్యాచ్‌ల్లో 9 మాత్రమే గెలిచింది అని రాశారు. లంచ్ దగ్గర అందరూ "ఈ ఏడాదికి ఇంతే" అని తేల్చేశారట. మేనేజర్‌ని (మన క్రికెట్ కోచ్ లాంటివాడు) పీకేయమంటున్నారట. మీరు అడిగినవి మూడు: నిజంగా సీజన్ అయిపోయినట్టేనా, మేనేజర్‌ని మారిస్తే బాగుపడతారా, సెప్టెంబరుకి కొనుక్కున్న టికెట్లు ఇప్పుడే అమ్మేయాలా. టీమ్ పేరు రాయలేదు. ఫర్వాలేదు, పేరు లేకపోయినా చెప్పగలను.

నేను హ్యూస్టన్‌లో ఉంటాను, మా ఊరి టీమ్ ఆస్ట్రోస్ మనిషిని. 2011, 2012, 2013 సీజన్లలో వరుసగా 106, 107, 111 మ్యాచ్‌లు ఓడినప్పుడూ చూశాను, 2017లో, 2022లో కప్పు కొట్టినప్పుడూ చూశాను. (2017 కప్పు మీద సైగల దొంగతనం, అంటే అవతలి టీమ్ రహస్య సైగల్ని దొంగచాటుగా పట్టేసిన మరక ఉందని తెలుసు. ఆ గొడవ ఇంకో రోజు పెట్టుకుందాం.) అయితే ఈ ఆట లెక్క నాకు కాస్త తలకెక్కింది 2024 ఏప్రిల్‌లోనే.

ఆ ఏడాది మార్చిలో మా నాన్న గుంటూరు నుంచి వచ్చారు. ఇక్కడ పొద్దున తొమ్మిదికి ఐపీఎల్ వస్తుంది కదా, ఆయన స్నానం చేసి టిఫిన్ ప్లేటుతో టీవీ ముందు కూర్చునేవారు. మార్చి 27న ఉప్పల్‌లో ముంబై మీద సన్‌రైజర్స్ 277 కొట్టింది. మర్నాడే ఆస్ట్రోస్ సీజన్ మొదలు, న్యూయార్క్ యాంకీస్‌తో. "వీళ్ళూ ఆరెంజేనా" అన్నారు నాన్న చొక్కాలు చూసి. అవునన్నాను. ఆయనకి అంతే చాలు, రెండు టీములూ మనవే అయిపోయాయి.

ఆ మొదటి మ్యాచ్‌లో మావాళ్ళు 4-0 ఆధిక్యంలో ఉండి 5-4తో ఓడారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్కోరు సమం చేసే రన్ కోసం మారిసియో డుబోన్ హోమ్ ప్లేట్‌కి (రన్ పూర్తయ్యే చోటు) పరిగెడుతుంటే, వాన్ సోటో అవుట్‌ఫీల్డ్ నుంచి విసిరిన త్రోకి అవుటయ్యాడు. ఆ సిరీస్ నాలుగు మ్యాచ్‌లూ పోయాయి. ఐదో మ్యాచ్‌లో, ఏప్రిల్ 1న, రోనెల్ బ్లాంకో నో హిట్టర్ వేశాడు. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌లోనూ టొరంటో వాళ్ళకి ఒక్క హిట్ (బ్యాటర్‌ని బేస్ చేర్చే దెబ్బ) కూడా ఇవ్వలేదు. కొత్త మేనేజర్ జో ఎస్పాడాకి ఆ ఉద్యోగంలో అదే మొదటి గెలుపు. హమ్మయ్య, గాడిన పడ్డారనుకున్నాం. మర్నాడు, ఐదేళ్ళకి 9 కోట్ల 50 లక్షల డాలర్లిచ్చి తెచ్చుకున్న జాష్ హేడర్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు రన్ల హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) ఇచ్చి 2-1తో మ్యాచ్ పోగొట్టాడు. నెలంతా ఇదే వరస.

ఏప్రిల్ 25 నాకు బాగా గుర్తు. పొద్దున ఉప్పల్‌లో సన్‌రైజర్స్ బెంగళూరు చేతిలో ఓడింది. అప్పటికి బెంగళూరు 8 మ్యాచ్‌ల్లో 7 ఓడి అట్టడుగున ఉంది. అదే రోజు షికాగోలో ఆస్ట్రోస్ కూడా ఓడి 26 మ్యాచ్‌ల్లో 7 గెలుపులు, 19 ఓటముల దగ్గర నిలబడింది. నేను రిమోట్ సోఫా మీదకి విసిరాను. నాన్న తాపీగా అడిగారు: "ఇంకా ఎన్ని ఆడాలిరా వీళ్ళు?" నూట ముప్ఫై ఆరు అన్నాను. ఆయన నన్నొక పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. "నూట ముప్ఫై ఆరు పెట్టుకుని ఇప్పుడే దేనికి ఏడుపు?"

సరే, ఆయన లెక్కే చూద్దాం. సీజన్ 162 మ్యాచ్‌లు. మీ టీమ్ ఆడిన 25 అందులో ఆరో వంతు కూడా కాదు. ఐపీఎల్‌లో ఒక్కో టీమ్‌కి లీగ్ మ్యాచ్‌లు 14. ఆ కొలతలో చూస్తే మీ వాళ్ళు రెండు మ్యాచ్‌లు ఆడి మూడోదానికి టాస్ వేస్తున్నారన్నమాట. రెండు ఓడిన టీమ్ గురించి మన ఊళ్ళో ఎవరైనా "సీజన్ అయిపోయింది" అంటే పక్కవాడు నవ్వుతాడు. పైగా బేస్‌బాల్‌లో ఏ ఒక్క రోజు ఫలితాన్నీ పెద్దగా నమ్మడానికి లేదు. చాలా మంచి టీమ్ ఏడాదికి 100 గెలుస్తుంది, అంటే అది కూడా 62 ఓడుతుంది. చాలా చెడ్డ టీమ్ కూడా మామూలుగా 60 దాకా గెలుస్తుంది. ఆ 100కీ 60కీ మధ్య తేడా బయటపడాలంటే నెలలు పడుతుంది.

ఒక పని చేయండి, రూపాయి బిళ్ళ తీసుకుని 25 సార్లు ఎగరేయండి. బొమ్మ 9 సార్లు గానీ అంతకన్నా తక్కువ గానీ పడే అవకాశం నూటికి 11, 12 దాకా ఉంటుంది. రెండు లీగులూ కలిపి 30 టీములున్నాయి. అన్నీ సరిసమానంగా ఆడినా, ఉత్త అదృష్టం బాగాలేక ఏ ఏప్రిల్‌లోనైనా మూడు టీములు మీవాళ్ళలాగే కనపడతాయి. మీది ఆ మూడింట్లో ఒకటా, లేక నిజంగానే పస లేని టీమా అన్నదే అసలు ప్రశ్న. గెలుపోటముల పట్టిక ఎంతసేపు చూసినా అది తేలదు.

మరి ఇంత కోపం ఎందుకొస్తుంది? నవంబరు నుంచి మార్చి దాకా ఆట ఉండదు. మార్చిలో ఫ్లోరిడా, అరిజోనా ఎండల్లో ప్రాక్టీసు మ్యాచ్‌లు చూసి ప్రతివాడూ ఈసారి కప్పు మనదే అనుకుంటాడు. తీరా మొదలయ్యాక రోజూ మ్యాచే. ఐపీఎల్‌లో ఓడితే మూడు రోజులు మందు రాసుకోవచ్చు. ఇక్కడ రాత్రి దెబ్బ ఆరకముందే మర్నాడు సాయంత్రం ఇంకొకటి పడుతుంది. దానికి తోడు ఏప్రిల్‌లో ఒక్క ఓటమికే స్టాండింగ్స్‌లో రెండు మెట్లు జారిపోతారు, ఆగస్టులో అదే ఓటమి ఎవరి కంటా పడదు. నిజానికి రెండిటి బరువూ ఒకటే, 162లో ఒకటి. అభిమానులు ఇక్కడే రెండు తప్పులు చేస్తారు. ఏప్రిల్‌లో ఆ ఓటమిని కొండంత చేసి చూస్తారు. జులైలో టీమ్ లేచాక అది అసలు జరగనే లేదనుకుంటారు. ఆ రెండో తప్పు సంగతి తర్వాత చెప్తాను.

ముందు మీ టీమ్‌ని ఎలా చూడాలో చెప్తాను. మొదట చూడాల్సింది గాయాల జాబితా. 2024లో మా జస్టిన్ వెర్లాండర్ భుజం నొప్పితో ఏప్రిల్ మూడో వారం దాకా ఒక్క బంతి వేయలేదు. ఫ్రాంబర్ వాల్డెజ్ మోచేతి నొప్పితో వారాల పాటు కూర్చున్నాడు. మెకల్లర్స్, గార్సియా అంతకుముందే ఆపరేషన్లయి ఇంట్లో ఉన్నారు. మొదటి వరస పిచ్చర్లు (బంతి విసిరేవాళ్ళు) లేక, ఆరో ఏడో నంబరు వాళ్ళతో నెల నెట్టుకొచ్చారు. ఇలాంటి టీమ్ ఓడితే ఆశ్చర్యం లేదు, ఆ మనుషులు తిరిగొస్తే లేస్తుంది కూడా. మీ వాళ్ళలో ఎవరు లేరు, ఎప్పుడొస్తారు అన్నది ఈ రోజే చూడండి.

తర్వాత, ఎలా ఓడుతున్నారు? రోజూ 9-1 తో ఓడటం వేరు, 4-3 తో ఓడటం వేరు. కొట్టిన రన్లు మొత్తం, ఇచ్చిన రన్లు మొత్తం పక్కపక్కన పెట్టుకోండి. ఆ తేడా తక్కువగా ఉండి ఓటములు మాత్రం ఎక్కువగా ఉంటే, అది చాలావరకు చివరి ఇన్నింగ్స్‌ల ఖర్మ. చివర్లో పడిన ఒకటి రెండు దెబ్బలు ఏడాది పొడవునా అదే లెక్కన పడవు. మాకు ఏప్రిల్‌లో మ్యాచ్‌లు పోగొట్టిన హేడరే ఆ సీజన్ ముగిసేసరికి 34 సేవ్‌లు (చివర్లో ఆధిక్యం కాపాడి మ్యాచ్ ముగించడం) చేశాడు.

ఇక ఆటగాళ్ళు. ఇక్కడే జాగ్రత్త కావాలి. బ్యాటింగ్ సగటు ఏప్రిల్‌లో దాదాపు అబద్ధమే చెప్తుంది. బ్యాట్‌కి తగిలి మైదానంలో పడే బంతుల్లో పదికి మూడు మాత్రమే హిట్లవుతాయి, మిగతావి ఫీల్డర్ల చేతుల్లోకి పోతాయి. నెల రోజుల పాటు గట్టిగా కొట్టిన బంతులు నేరుగా ఫీల్డర్ గ్లవ్‌లోకే పోవడం మామూలే. ఉత్తరాది ఊళ్ళలో ఏప్రిల్ చలికి బంతి దూరం కూడా పోదు. అందుకని సగటు వదిలేసి, ఎన్నిసార్లు స్ట్రైక్‌అవుట్ (మూడు స్ట్రైకులు పడి అవుటవడం) అవుతున్నాడో చూడండి. ఆ అలవాటు తొందరగా బయటపడుతుంది. పిచ్చర్లయితే ఫాస్ట్‌బాల్ వేగం చూడండి. నిరుడు గంటకి 95 మైళ్ళు వేసినవాడు ఈ ఏడు 92 వేస్తున్నాడంటే అది అదృష్టం సమస్య కాదు, భుజం సమస్య.

మా దగ్గర ఆ ఏప్రిల్‌లో ఇద్దరు పేరున్న బ్యాటర్లు ఒకేసారి పడిపోయారు. ఒకడు హోసే అబ్రేయు. 2020లో అమెరికన్ లీగ్ ఎంవీపీ (ఆ ఏటి మేటి ఆటగాడు), మూడేళ్ళకి 5 కోట్ల 85 లక్షల డాలర్ల ఒప్పందం, వయసు 37. 71 సార్లు బ్యాటింగ్ చేస్తే 7 హిట్లు. రెండోవాడు అలెక్స్ బ్రెగ్‌మన్, ప్రతి ఏడూ ఆలస్యంగా అందుకునే రకం. మా ఆఫీసులో ఇద్దర్నీ ఒకే గాటన కట్టి తిట్టారు. అబ్రేయు నిరుడే మెత్తబడ్డాడు, బ్యాట్ వేగం బంతికి అందట్లేదు. నెలాఖర్లో తనే ఒప్పుకుని కింది స్థాయికి వెళ్ళి సరిచేసుకుందామని చూశాడు, కుదరలేదు, జూన్ 14న టీమ్ వదిలేసింది. బ్రెగ్‌మన్ మే మధ్య దాకా అంతంత మాత్రంగా ఆడి, ఏడాది చివరికి 26 హోమ్ రన్లు కొట్టాడు. పట్టికలో ఇద్దరూ ఒకేలా కనపడ్డారు. ఒకడికి వయసైపోయింది, ఒకడికి ఇంకా సీజన్ మొదలుకాలేదు.

ఇంకో మాట. ఈ టీమ్ గురించి మార్చిలో మీరేమనుకున్నారు? ఏప్రిల్ ఫలితాల కన్నా ఆ అంచనాకే నేను ఎక్కువ విలువిస్తాను. 2024లో మేము 7 గెలిచి 19 ఓడిన రోజుల్లోనే షికాగో వైట్ సాక్స్ 3 గెలిచి 22 ఓడింది. వాళ్ళు అంతకుముందు ఏడాదే 101 ఓడారు, సీజన్‌కి రెండు వారాల ముందు డిలన్ సీస్ లాంటి పిచ్చర్‌ని శాన్ డియాగోకి ఇచ్చేశారు. మార్చిలోనే ఎవరికీ ఆశ లేదు. చివరికి 41 గెలిచి 121 ఓడారు. ఆధునిక కాలంలో ఏ టీమూ ఒక సీజన్‌లో అన్ని ఓడలేదు. మేమేమో అంతకుముందు వరుసగా ఏడేళ్ళు లీగ్ ఫైనల్ ఆడిన టీమ్.

అలాగని ఏప్రిల్ 25న పడి 26న లేచారనుకోకండి. ఆ వారాంతం మెక్సికో సిటీలో కొలరాడో మీద 12-4, 8-2తో రెండు గెలిచారు, పండగ చేసుకున్నాం. మే నెల మళ్ళీ పడుతూ లేస్తూ గడిచింది. జూన్ మొదట్లో మా మంచి బ్యాటర్ కైల్ టక్కర్ కాలికి తనే కొట్టిన బంతి తగిలి మూడు నెలలు దూరమయ్యాడు. జూన్ 18కి మా డివిజన్‌లో (ఐదు టీముల గుంపు) మొదట ఉన్న సియాటిల్ కన్నా 10 మ్యాచ్‌లు వెనక ఉన్నాం. నెల తిరిగేసరికి ఆ పదీ కరిగిపోయాయి, సగం మా గొప్ప, సగం సియాటిల్ బ్యాటర్ల దయ. ఆ 7-19 తర్వాతి ఆట మొత్తం లెక్కేస్తే 81 గెలుపులు, 54 ఓటములు, సరిగ్గా నూటికి 60. మొత్తం 88 గెలిచి 73 ఓడి డివిజన్ గెలిచారు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 2019లో వాషింగ్టన్ నేషనల్స్ మే 23కి 19 గెలిచి 31 ఓడింది, ఆ అక్టోబరులోనే వరల్డ్ సిరీస్, అంటే కప్పు, కొట్టింది. ఎవరి మీద? మా మీదే, ఏడో మ్యాచ్, మా ఊళ్ళోనే. దాని గురించి ఇంతకన్నా రాయలేను. ఆ 2024లోనే బెంగళూరు కూడా ఉప్పల్ గెలుపుతో మొదలుపెట్టి వరుసగా ఆరు గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్ళిందని మీకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు ఆ రెండో తప్పు. డివిజన్ గెలిచాం కాబట్టి ఏప్రిల్ మాఫీ అయిందని మేమంతా అనుకున్నాం. కాలేదు. ఇప్పటి పద్ధతిలో ఒక్కో లీగ్ నుంచి ఆరు టీములు ప్లేఆఫ్స్‌కి వస్తాయి, డివిజన్ గెలిచిన వాళ్ళలో పై ఇద్దరికి మొదటి రౌండ్ ఆడక్కర్లేదు. ఆ ఏడాది యాంకీస్ 94, క్లీవ్‌లాండ్ 92 గెలిచి ఆ రెండు చోట్లూ తీసుకున్నాయి. 88తో మేము మూడో వాళ్ళం. మూడు మ్యాచ్‌ల చిన్న సిరీస్‌లో డెట్రాయిట్‌తో ఆడాల్సొచ్చి, మా మైదానంలోనే రెండు రోజుల్లో 3-1, 5-2 తో ఇంటికెళ్ళాం. డెట్రాయిట్ మేనేజర్ ఎవరో కాదు, సైగల గొడవలో మేము పంపించేసిన ఏజే హించ్. ఇంకో ఐదు గెలిచి ఉంటే ఆ రౌండే లేదు. అంటే 7-19 బదులు 12-14 చాలు. గొప్ప ఏప్రిల్ అక్కర్లేదు, మామూలు చెడ్డ ఏప్రిల్ సరిపోయేది.

2011 బోస్టన్ కథ ఇంకా ఘోరం. వరుసగా ఆరు ఓడి, తర్వాత 12 మ్యాచ్‌ల్లో 2 గెలుపుల దగ్గరికొచ్చి, అక్కణ్ణుంచి ఆగస్టు దాకా అదరగొట్టారు. సెప్టెంబరులో మళ్ళీ 7 గెలిచి 20 ఓడారు. చివరి రోజు రాత్రి బాల్టిమోర్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఓడిన కొన్ని నిమిషాలకే, టాంపా బేలో ఎవాన్ లాంగోరియా హోమ్ రన్‌తో కథ ముగిసింది. చివరి ప్లేఆఫ్స్ చోటు టాంపాకి పోయింది: టాంపా 91, బోస్టన్ 90. అందరూ సెప్టెంబరునే తిడతారు. ఏప్రిల్ మొదటి వారంలో పోయిన ఆరింట్లో ఒక్కటి గెలిచినా కనీసం టై అయ్యేది. తమాషా ఏమిటంటే ఆ ఏడు టాంపా కూడా 0-6తోనే మొదలుపెట్టింది.

అందుకని మీ మొదటి ప్రశ్నకి నా జవాబు: అయిపోలేదు, కానీ ఉచితంగానూ పోలేదు. మీ వాళ్ళు 88 చేరాలంటే మిగిలిన 137లో 79 గెలవాలి, నూటికి 58 లెక్కన. మంచి టీమ్‌కి అది సాధ్యమే. మార్చిలోనే సగటు టీమ్ అనుకున్నదైతే కష్టం.

మేనేజర్ సంగతి క్లుప్తంగా చెప్తాను, నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. 1988లో బాల్టిమోర్ మొదటి ఆరు ఓడగానే మేనేజర్ కాల్ రిప్కెన్ సీనియర్‌ని తీసేసింది. పాపం, ఆయన కొడుకులిద్దరూ అదే టీమ్‌లో ఆడుతున్నారు. మహా ఆటగాడు ఫ్రాంక్ రాబిన్సన్‌ని తెచ్చారు. ఇంకో 15 ఓడారు. మొత్తం వరుసగా 21. మరోవైపు 2022లో ఫిలడెల్ఫియా 22 గెలిచి 29 ఓడాక జో జిరార్డీని పంపించేసి రాబ్ థామ్సన్‌ని పెట్టింది, నేరుగా వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళింది (అక్కడ మేము గెలిచాం లెండి). ఫిలడెల్ఫియాలో హార్పర్, వీలర్, ష్వార్బర్ లాంటి పెద్ద ఆటగాళ్ళున్నారు. బాల్టిమోర్‌లో రిప్కెన్ జూనియర్, ఎడ్డీ మర్రే తప్ప పెద్దగా ఎవరూ లేరు. మా వాళ్ళు ఎస్పాడాని కదపలేదు. మీ ఆఫీసు వాళ్ళు ఎవర్ని పెట్టాలో చెప్పకుండా పీకేయమంటుంటే, అది కోపమే గానీ సలహా కాదు.

టికెట్లు అమ్మకండి. ఏప్రిల్‌లో అందరూ ఒకేసారి అమ్ముతారు కాబట్టి మీకు సగం కూడా రాదు. డబ్బులుంటే ఇప్పుడే ఇంకో రెండు కొనుక్కోవడం మంచిది.

ఇది అనుభవం మీద చెప్తున్నాను. 2024 ఏప్రిల్ 26న, ఆ రిమోట్ విసిరిన మర్నాడు, సెప్టెంబరు 24 మంగళవారం సియాటిల్‌తో మ్యాచ్‌కి నా దగ్గరున్న నాలుగు టికెట్లు కోపంలో వచ్చిన కాడికి అమ్మేశాను. సెప్టెంబరు 24న సియాటిల్‌ని 4-3తో ఓడించి డివిజన్ ఖాయం చేసుకున్నారు. మా అబ్బాయి ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. అప్పటికి గుంటూరు వెళ్ళిపోయిన నాన్న ఫోన్ చేసి, "ఆరెంజ్ వాళ్ళు గెలిచారటగా, గ్రౌండ్‌కి వెళ్ళావా?" అనడిగారు. టీవీలో చూశాను నాన్నా అన్నాను. ఎందుకో మాత్రం చెప్పలేదు.